సమాధి మీద కొవ్వొత్తి, నడుమ కులం గోడ

నవంబర్ 2 మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కతోలికుల సమాధుల పండగ. ముందే గడ్డి పీకి సున్నం కొడతారు. పత్తి తీతకి పోయినోళ్లు కూడా పొద్దుగూకేసరికి వచ్చి కొవ్వొత్తి వెలిగిస్తారు.

ఈ ఆచారం ఎక్కడిది? వెయ్యేళ్ల కింద ఫ్రాన్సులో క్లూనీ మఠాధిపతి ఒడిలో మొదలెట్టాడు. పోయినోళ్ల ఆత్మలు ఉత్తరించు స్థలంలో శుద్ధి అవుతాయని, మన ప్రార్థన వాటికి సాయపడుద్దని కతోలికుల నమ్మకం. అందుకే పేరుపేరునా పూజ చెప్పిస్తారు.

అసలు మాటకొస్తా. మా వైపు రెడ్లు, కమ్మలు 18వ శతాబ్దంలోనే కతోలికులయ్యారు. మాల, మాదిగలు తర్వాత పెద్దెత్తున వచ్చారు. కులం కూడా వెంటే వచ్చింది. కొన్ని ఊళ్లల్లో శ్మశానాలు ఇప్పటికీ వేరే. 2022లో మన తెలుగాయన పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఊళ్లో గోడ మాత్రం కదల్లేదు. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ దళితుడికి ఎస్సీ హోదా లేదు. చట్టమేమో కులం పోయిందంటది, శ్మశానమేమో ఉందంటది!

నేనడిగేది ఒకటే: ఉత్తరించు స్థలంలో కులానికో గది ఉందా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊళ్లో గోడుంటే విచారణ గురువుని నిలబెట్టి అడగండి. ఈసారి అవతలి సమాధి మీద కూడా ఓ కొవ్వొత్తి పెట్టండి.