అరవై ఐదేళ్ళ కాళ్ళు, నలభై రెండు కిలోమీటర్లు

"ఈ వయసుల పరుగేందే, ఎవడన్న తరుముతున్నడా?" అని మా చాల్‌లో ఇప్పటికి ఎంతమంది అడిగిండ్రో లెక్క లేదు. మన పత్రిక సంపాదకులు మాత్రం నవ్వలేదు. ఎట్ల తయారైతున్నవో రాయమన్నరు. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివినోన్ని. చెప్పినట్టే రాస్తా, తప్పులు వాళ్ళు దిద్దుకుంటరు.

వచ్చే జనవరి 18, ఆదివారం, ముంబై మారథాన్. 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఈ చిల్లర 195 మీటర్లు ఎందుకంటే, 1908లో లండన్ ఒలింపిక్స్ జరిగినప్పుడు రాజుగారి కోట దగ్గర మొదలుపెట్టి మైదానంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందర ముగించిండ్రు. ఆ దూరం అంత వచ్చింది. తర్వాత అదే లెక్క ఖాయం చేసిండ్రు. రాజుల సౌకర్యానికి మనం ఇంకా పరుగెత్తుతున్నమన్నమాట.

జనవరి 18 అంటే మన మిల్లోళ్ళకు ఇంకో సంగతి యాదికొస్తది. 1982లో అదే తారీఖున, సోమవారం నాడు సమ్మె మొదలైంది. డాక్టర్ దత్తా సామంత్ వెంట సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు బయటికి వచ్చిండ్రు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. బద్లీ కార్మికునిగా చేరి నాలుగేండ్లు అయింది. అప్పట్లో మిల్లుల మధ్య ఆటల పోటీలు ఉండేవి. కబడ్డీ అంటే కొంకణ్ పోరగాళ్ళదే రాజ్యం, మనోళ్ళను దగ్గరికి రానియ్యకపోతుండె. నేను పరుగుకు పోయిన. ఐదు కిలోమీటర్లు, ఉత్త కాళ్ళతో. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ పరుగెత్తిండని మా జాబర్ చెప్పేటోడు. ఆయన కూడా బూట్లు లేకుండ పరుగెత్తినోడే. ఆ లెక్కను నలభై ఏండ్లకు పైగా మన దేశంలో ఎవ్వరూ దాటలేదు. ఎప్పటికైనా మారథాన్ పరుగెత్తాలని అప్పుడు అనుకున్న.

సమ్మె సంగతి మీకు చెప్పేదేమున్నది. మా మిల్లు మళ్ళా సరిగ్గా తెరుచుకోలేదు. రావలసిన పైసలు సగం కూడా చేతికి రాలేదు. నేను భివండి పోయిన. అక్కడ పవర్‌లూమ్ కార్ఖానాలో పన్నెండు గంటల పాళి, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఇంటికి వారానికో పదిహేను రోజులకో వచ్చుడు. పరుగు అనే మాటే మరిచిపోయిన. నిలబడీ నిలబడీ పిక్కల మీద నరాలు ఉబ్బినయి. అరవై నిండినంక పని బంద్ చేసి వర్లీ గదికి వచ్చి పడ్డ. మళ్ళీ మొదలుపెట్టింది 2024 జనవరిలో. నడుమ నలభై రెండేండ్ల ఖాళీ. కిలోమీటరుకో ఏడాది.

మొదలు కాళ్ళ సంగతి కాదు, ఊపిరి సంగతి చెప్పాలె. మా బాపు కార్డింగ్‌లో పనిచేసిండు. దూది ధూళి అంటే ఏందో ఆ ఖాతాలో చేసినోళ్ళ ఇండ్లల్లో చెప్పనక్కరలేదు. ఆదివారం ఇంట్లో ఉండి సోమవారం పనికి పోతే ఛాతీ బిగుసుకుపోయేది, వారం నడిచిన కొద్ది కొంచెం తగ్గేది. దానికి బిసినోసిస్ అని పేరున్నదని మాకు చాలా ఏండ్లకు తెలిసింది. బాపు చివరి రోజుల్లో మూడో అంతస్తు ఎక్కడానికి నాలుగు చోట్ల ఆగేటోడు. అందుకే నేను పరుగు అనంగానే మా ఇంటామె, "బాపు ఆయాసం మర్చిపోయినవా?" అన్నది. "డాక్టరు సరే అంటేనే, కాయితం మీద రాసిస్తేనే" అని కూడా అన్నది. ఆమె మాట న్యాయమే.

డాక్టరమ్మ రెండు పరీక్షలు రాసింది. ఒకటి గొట్టంలో గట్టిగా ఊదుడు, ఊపిరితిత్తులు ఎంత గాలి ఎంత జోరుగా బయటికి తోస్తున్నయో అందులో తెలుస్తది. ఇంకోటి నడిచే పట్టా మీద నడిపించుకుంట ఈసీజీ తీసుడు. పడుకోబెట్టి తీసిన ఈసీజీలో కనబడని గుండె లోపం కొన్నిసార్లు నడుస్తున్నప్పుడు బయటపడుతదట. నాకు బీపీ మాత్ర ఒకటి నడుస్తున్నది, ఊదుడులో నా వయసుకు ఉండాల్సిన దానికి కొంచెం తక్కువ వచ్చింది, గుండె బాగున్నది. "నెమ్మదిగా చెయ్యండి, ఛాతీలో నొప్పి, బరువు, కళ్ళు తిరుగుడు ఏదొచ్చినా అక్కడే ఆగండి" అన్నది. ఆ కాయితం మా ఇంటామె బియ్యం డబ్బా మీద అంటించింది. మిల్లులో, ముఖ్యంగా బ్లో రూమ్, కార్డింగ్‌లో చేసిన అన్నలు ఎవరైనా సరే, ఈ ఊదుడు పరీక్ష చేయించుకోకుండ మొదలుపెట్టొద్దు. పరుగెత్తకపోయినా చేయించుకోండి.

మొదటి రెండు నెలలు పరుగే లేదు. పొద్దున ఐదున్నరకు వర్లీ సీ ఫేస్ మీద నడక, అర్ధగంట నుంచి గంట దాకా. మూడో నెల నుంచి ఒక నిమిషం పరుగు, మూడు నిమిషాలు నడక, అట్ల ఎనిమిది సార్లు. పరుగు అంటే జోరు అనుకునేరు. పక్కన ఉన్నోనితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలె. రెండు మాటలకే ఆయాసం వస్తే అది ఎక్కువ జోరు. నడిచే ఆడోళ్ళు నన్ను దాటిపోయేటోళ్ళు. దాటిపోనీ.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది, దీని కోసమే ఈ వ్యాసం రాస్తున్న అనుకోండి. చాలా ఏండ్ల తర్వాత మళ్ళా పరుగు మొదలుపెడితే ఊపిరి ముందు తిరిగొస్తది. ఐదారు వారాలలోనే గుండె, ఊపిరి అలవాటు పడి హాయిగా అనిపిస్తది. ఇంకా పోగలను అనిపిస్తది. కానీ కాళ్ళ లోపల సంగతి వేరు. మడమ వెనుక నరం అని మనం అనేది నిజానికి నరం కాదు, పిక్క కండను మడమ ఎముకకు పట్టి ఉంచే గట్టి పట్టీ. అటువంటి పట్టీలకు నెత్తురు తక్కువ అందుతది. అవి గట్టిపడడానికి నెలలు పడుతది, వయసు మీద పడితే ఇంకా ఎక్కువ. ఎముక కూడా అంతే.

సాంచల మీద పనిచేసినోళ్ళకు ఇది చెప్తే ఇట్టే తెలుస్తది. నెలల తరబడి బంద్ ఉన్న సాంచను చాలు చేసి, మోటరు బాగుంది కదా అని ఒకేసారి పూర్తి జోరు తిప్పితే మొదలు పోయేది మోటరు కాదు, ఎండిపోయిన తోలు పట్టా. మా అక్క కొడుకు, నలభై కూడా నిండలేదు, బడిలో చాంపియన్. నాతోపాటే మొదలుపెట్టిండు. రెండో నెలలోనే రోజూ పది కిలోమీటర్లు కొట్టిండు. ఊపిరి ఆడింది, ముంగాలు ఎముక ఆడలేదు. సన్నగా పగిలిందన్నరు, రెండు నెలలు ఇంట్లో కూర్చున్నడు. పిల్లగాడు మంచోడే, కానీ ఆగుడు రాదు. అందుకే నేను వారానికి మూడు రోజులే పరుగెత్తుత. మంగళ, గురువారం చిన్నవి, ఆదివారం పొడుగుది. ఆదివారం దూరం వారానికి కిలోమీటరో, ఒకటిన్నరో పెంచుడు. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించుడు. ఆ తగ్గించిన వారంలోనే కాళ్ళు గట్టిపడుతయి అంటరు, నాకైతే నిజమే అనిపించింది.

వానాకాలం మాత్రం మా చాల్ మెట్లే మైదానం. మెట్టు అంచు మీద ముంగాళ్ళు ఆనించి మడమలు పైకి లేపుడు, మెల్లగా కిందికి దించుడు, పదిహేను సార్లు, మూడు విడతలు. గోడ పట్టుకొని గుంజిళ్ళు. మా బాపు ఆగి ఆగి ఎక్కిన మెట్లే అవి. ఎక్కేటప్పుడు ప్రతిసారీ యాదికొస్తడు. మా మనవరాలు పక్కన నిలబడి లెక్క పెడుతది, నేను పదమూడు దగ్గర ఆగితే ఊకోదు.

2025 ఫిబ్రవరిలో 21 కిలోమీటర్ల పోటీ ఒకటి పూర్తి చేసిన, మూడు గంటలకు నాలుగు నిమిషాలు తక్కువ. ఆ కాయితం పెట్టే పెద్దదానికి పేరు రాయించిన. ఫీజు కొడుకు కట్టిండు. బూట్లు మాత్రం నా పైసలతో కొన్న, రెండు వేల ఎనిమిది వందలు. ఉత్త కాళ్ళ ముచ్చట ఇరవై ఏండ్లప్పటిది. నలభై ఏండ్లు రబ్బరు చెప్పులతో నడిచిన పాదాలకు డాంబరు రోడ్డు మీద బూటు కావాలె. ఐదారు వందల కిలోమీటర్లు దాటినంక అడుగు మెత్తదనం తగ్గుతూ వస్తది, అప్పుడు మార్చాలె.

తిండి గురించి చాలామంది అడుగుతున్నరు. ఖరీదు పొడులేమీ లేవు. ముందు రోజు రాత్రి అన్నం, పప్పు. పొద్దున లేవంగనే రెండు అరటిపండ్లు, చాయ్. పరుగైపోయి వచ్చినంక గుడ్లు, జొన్న రొట్టె. వయసైనోళ్ళ కండ తొందరగా కరుగుతది, అందుకే పప్పు, గుడ్డు, పెరుగు తగ్గొద్దు. గంటన్నర దాటే పరుగైతే జేబులో ఖర్జూరాలు, బెల్లం పల్లీ చిక్కీ పెట్టుకుంట. మన ఒంట్లో దాచుకున్న చక్కెర సరుకు చాలామందికి ముప్పై కిలోమీటర్ల చుట్టుపక్కల అయిపోతదట. అక్కడ కాళ్ళు ఒక్కసారిగా సీసం అయితయి. అది రాకముందు నుంచే కొంచెం కొంచెం నోట్లో వేసుకుంట పోవాలె. ఆకలయినప్పుడు తింటే ఆలస్యం అయినట్టే.

నీళ్ళ విషయం ఒకటి జాగ్రత్త. మన దగ్గర ఉక్కపోత, చెమట కారుతది, నీళ్ళు కావాలె. కానీ నాలుగైదు గంటలు వట్టి నీళ్ళే దాహం లేకున్నా తాగుకుంట పోతే నెత్తురులో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తది. దాహం వేసినంత తాగాలె, మధ్య మధ్య ఓఆర్ఎస్. ఇంకోటి, నొప్పుల మాత్ర వేసుకొని పరుగు మొదలుపెట్టేటోళ్ళను చూస్తున్న. మన కార్ఖానాల్లో నైట్ పాళికి మాత్ర మింగి నిలబడ్డ అలవాటే ఇది. పొడుగు పరుగులో ఆ మాత్రలు కిడ్నీలను దెబ్బ తీస్తయని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నొప్పి ఉంటే ఆ రోజు పరుగు బంద్, అంతే.

అక్టోబరు ఎండ అన్నిటికంటే కష్టం. పొద్దున నాలుగున్నరకే మొదలుపెట్టినా చొక్కా పిండితే నీళ్ళు. ఆ నెలలో రెండుసార్లు పెడ్డర్ రోడ్ ఎక్కుడు కూడా అలవాటు చేసుకున్న. ముంబై మారథాన్ చేసినోళ్ళందరూ చెప్పుకునే ఎక్కుడు అది. బస్సులో పోతే ఎక్కుడు అని కూడా తెల్వది. డిసెంబరు మొదట్లో 30 కిలోమీటర్లు చేసిన. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. చివరి మూడు కిలోమీటర్లలో తొడలు గట్టి కట్టెలైనయి. కానీ మాట్లాడగలిగిన. చాలు, దానికి మించి 42 దాకా ముందే చేసి చూడొద్దంటరు. నా వయసుకు అది కోలుకునే దెబ్బ కాదు.

ఆరు గంటల్లో అయిపోవాలని నా లెక్క. అంత సేపెందుకు కష్టపడాలె, పది కిలోమీటర్లది చేసి పతకం మెడలో వేసుకోరాదా అని మా బావమరిది అన్నడు. మంచి మాటే. 89 ఏండ్ల వయసులో 2000 సంవత్సరంలో లండన్ మారథాన్ పరుగెత్తిన ఫౌజా సింగ్ గారి పేరు చెప్పి తప్పించుకున్న. ఆయన మొన్న 2025 జూలైలో పంజాబ్‌లో సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుకుంట కారు గుద్ది పోయిండ్రు. పరుగు ఆయనను ఏమీ చెయ్యలేదు.

అసలు సంగతి వేరే. 2009లో సీలింక్ వంతెన తెరిచిండ్రు. రోజూ వర్లీ నుంచి చూస్తున్న. కారు ఉన్నోళ్ళు పోతరు. కాలినడకన పోనియ్యరు, రెండు చక్రాల బండిని పోనియ్యరు. నేను ఇప్పటిదాకా దాని మీద కాలు పెట్టలేదు. మారథాన్ రోజు మాత్రం దాని మీద పరుగెత్తనిస్తరు. అక్కడి నుంచి ఇటు తిరిగి చూస్తే వర్లీ, ప్రభాదేవి, పరేల్ వైపు ఒకప్పుడు మనం లెక్కపెట్టుకునే పొగగొట్టాలు ఎన్ని మిగిలినయో, గాజు భవనాలు ఎన్ని లేచినయో ఒక్కసారి నా కాళ్ళ మీద నిలబడి చూడాలని ఉన్నది. పతకం మెడలో వేసినా వెయ్యకున్నా సరే.

ఇప్పుడు దూరం తగ్గించే వారాలు నడుస్తున్నయి. పోయిన ఆదివారం 20, ఈ ఆదివారం 12, చివరి వారం నాలుగైదు కిలోమీటర్లు రెండుసార్లు. కాళ్ళు ఊకుంటలేవు, ఇంకొంచెం పోదామంటయి. మనవరాలు వాచీ పట్టుకొని కూర్చుంటున్నది, టైము కాంగనే పిలుస్తది. నంబరు కాయితం వెనుక ఇంటి ఫోను నంబరు, రక్తం గ్రూపు, బీపీ మాత్ర పేరు రాసి పెట్టే పని మా ఇంటామెది. ఆమెతో ఒప్పందం ఒకటి ఉన్నది. ఛాతీలో ఏ తేడా వచ్చినా, అది నలభై ఒకటో కిలోమీటరు అయినా సరే, పక్కకు వచ్చి కూర్చోవాలె. ఆమె, మా అక్క కొడుకు ప్రభాదేవి దగ్గర ఉప్పు వేసిన నిమ్మకాయ బద్దలు పట్టుకొని నిలబడుతరు. మన వాడకట్టు వాళ్ళు ఎవరైనా అటు వస్తే పక్కనే నిలబడండి. నా వెనుక వచ్చేటోళ్ళకు కూడా నిమ్మకాయలు సరిపోవాలె, ఎక్కువే తెచ్చుకోండి.