పెరటి కోళ్లు: ఏ రకం ఎంచుకోవాలి?



ముదినేపల్లి ప్రాంతంలో పెరడున్న ఇళ్లలో నాలుగు కోళ్లు పెంచుకోవాలని చాలామందికి ఉంటుంది. సంతలో రంగు, ధర చూసేముందు ఒక విషయం తేల్చుకోండి. మీకు కావలసింది గుడ్లా, మాంసమా, కోడిపిల్లలా? మూడూ సమానంగా ఇచ్చే కోడి లేదు.

గుడ్లకు గ్రామప్రియ: హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన రకం. ఏడాదికి సుమారు 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. నాలుగు పెట్టలుంటే ఇద్దరు పిల్లలకు దాదాపు రోజుకో గుడ్డు చొప్పున వస్తుంది. తినే గుడ్లకు పుంజు అవసరం లేదు. ఇంటి మెతుకులతో సరిపెట్టకుండా దాణా, గుల్లల పొడి కూడా పెట్టాలి.

గుడ్లకూ మాంసానికీ వనరాజా: ఇదీ ఆ సంస్థదే. గుడ్లు 100 నుంచి 110 వరకు వస్తాయి. ఒళ్లు బరువు కాబట్టి కుక్క, ముంగిస వస్తే త్వరగా తప్పించుకోలేదు. రాత్రికి గట్టి గూడు తప్పనిసరి.

పిల్లలకు నాటు కోడి: గుడ్లు 50, 60కి మించవు. కానీ చక్కగా పొదిగి పిల్లల్ని కాపాడుకుంటుంది. గ్రామప్రియ, వనరాజా సాధారణంగా పొదగవు. వాటి గుడ్లను పొదిగించినా పిల్లలకు అదే దిగుబడి రాదు. అందుకే ప్రతిసారీ కొత్త పిల్లల్ని కొనాలి.

అసీల్ మన రాష్ట్రపు మేలు జాతే. అయితే గుడ్లు తక్కువ, తోటి కోళ్లతో పోట్లాట ఎక్కువ. చిన్నపిల్లలున్న ఇంటికి అసీల్ పుంజు తగదు.

ఏ రకమైనా ఈ జాగ్రత్తలు మరవకండి. కొక్కెర తెగులుకు మొదటి టీకా పిల్ల పుట్టిన తొలి వారంలోనే వేయించాలి. మన నేల చెమ్మ ఎక్కువ కాబట్టి గూడు ఎత్తున కట్టి, వరి ఊక పరిచి, తడిసినప్పుడల్లా మార్చాలి. పక్కనే కొల్లేరు, ఆటపాక పక్షుల కేంద్రం ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. కాబట్టి అడవి పక్షులు, బాతులు తాగే నీటికి కోళ్లను వదలకండి. మేత గూటి లోపలే పెట్టండి. కోళ్లు ఒకేసారి చనిపోతే పిల్లల్ని తాకనివ్వకుండా వెంటనే పశువైద్యశాలకు తెలపండి.

గుడ్లు ఏరడం, నీళ్లు మార్చడం పిల్లలకు అప్పగించండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నారో లేదో మాత్రం మీరే చూడండి.