గుడి కట్టిన చేతులెవరివి?

ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరిన వేళ, తెరపై ఎల్లోరా కైలాసనాథాలయం ప్రత్యక్షమవుతుంది. వెనుకనుంచి ఒక గంభీరమైన కంఠం ప్రశ్నిస్తుంది: ఇంతటి కొండను ఆలయంగా మలచడం మానవమాత్రులకు సాధ్యమేనా? గ్రహాంతరవాసులు వచ్చి నిర్మించి వెళ్లారా? ఆ రహస్యాన్ని ఆలయాలు, మఠాలు దాచి ఉంచాయా? పక్కన కూర్చున్న మనుమడు వెంటనే అడుగుతాడు: "తాతయ్యా, మన ఊరి గుడి కూడా వాళ్లే కట్టారా?"

ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వారు దూరదేశాలకు వెళ్లనక్కరలేదు. అది వారి ఊళ్ల రాళ్లమీదనే చెక్కి ఉన్నది.

దేవతలనగా అన్య గ్రహాలనుంచి వచ్చిన వ్యోమగాములేనన్న వాదానికి విస్తృత ప్రచారం తెచ్చినది స్విట్జర్లాండు రచయిత ఎరిక్ ఫాన్ డేనికెన్ 1968లో వెలువరించిన గ్రంథం. ఆ ఊహలనే హిస్టరీ ఛానల్ 2009లో 'ఏన్షియంట్ ఏలియన్స్' పేరుతో తెరకెక్కించింది. మరుసటి సంవత్సరం నుంచి అది ధారావాహికగా సాగింది. మన పురాణాలలోని విమానాలు ఈ వాదానికి ముడిసరుకయ్యాయి. సాక్ష్యంగా భరద్వాజ మహర్షి పేరిట ఉన్న 'వైమానిక శాస్త్రా'న్ని చూపుతుంటారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు 1974లోనే దానిని పరిశీలించారు. అది 1904కు పూర్వపు రచన కాదనీ, అందులో వర్ణించిన యంత్రాలు ఎగరజాలవనీ తేల్చారు.

అసలు విమానమనే మాట భక్తులకు కొత్తది కాదు. తిరుమల శ్రీవారి గర్భాలయంపై వెలసినది ఆనందనిలయ విమానం. కొలత అనే అర్థమిచ్చే ధాతువు నుంచి పుట్టిన ఈ పదాన్ని ఆగమ, శిల్ప శాస్త్రాలు ప్రమాణాలతో కొలిచి కట్టిన దేవాలయ నిర్మాణానికి వాడాయి. ఇక శ్రీరాముడు అధిరోహించిన పుష్పకం దివ్యవాహనం. దాని మహిమను విశ్వసించే భక్తుడు దానికి యంత్రాన్ని అమర్చిపెట్టవలసిన అవసరం లేదు.

కైలాసనాథాలయం మాటకు వద్దాం. అది ఎనిమిదవ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువు మొదటి కృష్ణుని కాలపు నిర్మాణం. శిల్పులు కొండను శిఖరం నుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చారు. అందువల్ల రాళ్లను ఎత్తుకు చేర్చవలసిన శ్రమ తప్పింది. రాష్ట్రకూటుల బరోడా తామ్రశాసనం ఈ ఆలయాన్ని గురించి చెప్పిన మాట మనోహరమైనది. విమానాలలో సంచరించే దేవతలే దీనిని చూసి విస్మయం చెందారట! నిర్మించిన శిల్పి సైతం, ఇది నాచేత ఎలా అయిందని ఆశ్చర్యపోయాడట! ఆ శాసనంలో దేవతలు నిర్మాతలు కారు. మానవుని పనితనాన్ని చూసి అబ్బురపడిన ప్రేక్షకులు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు మార్గంలో భట్టిప్రోలు ఉంది. అక్కడి బౌద్ధస్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాలలో ధాతువులను భద్రపరచిన రాతి పేటికలు లభించాయి. రెండువేల సంవత్సరాలకు పైబడిన ఆ అక్షరాలలో కుబీరక రాజు పేరుంది. దాతల పేర్లూ ఉన్నాయి. ఒక పేటికను సమర్పించినవారు కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. ఆ తల్లిదండ్రుల సొంత పేర్లు మనకు తెలియవు. కన్నకొడుకు పేరుతోనే వారు చరిత్రలో నిలిచారు.

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లే దారిలో చేబ్రోలు వస్తుంది. అక్కడి భీమేశ్వరాలయంలో లభించిన సంస్కృత శాసనాన్ని పురావస్తు శాఖ శాసన విభాగం 2019లో ప్రకటించింది. శాతవాహన రాజు విజయుని ఐదవ పాలనా సంవత్సరానిదైన ఆ శాసనం కాలం క్రీ.శ. 207గా నిర్ణయించారు. కార్తికుడనే వ్యక్తి అమ్మవారి సన్నిధిలో ప్రాసాదాన్ని, మండపాన్ని నిర్మించి విగ్రహాన్ని ప్రతిష్ఠించాడని అది చెబుతోంది. సప్తమాతృకల ఆరాధనకు తొలి శాసనాధారాలలో ఇది ఒకటి.

బాపట్ల భావనారాయణస్వామి ఆలయంలోనూ మధ్యయుగపు శాసనాలున్నాయి. రేపల్లెకు, బాపట్లకు నడుమనున్న చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు ఏలిన నేల ఇది. ఆనాటి దానశాసనాలలో స్వామికి అఖండదీపం వెలిగేందుకు, నేతి కోసం గొర్రెలను, ఆవులను ఇచ్చినవారు కనిపిస్తారు. రాజులతోపాటు సామాన్యులూ దాతలే.

ఆలయాలు నిజాన్ని దాచాయనే నిందకు ఇంతకన్న సూటి సమాధానం ఏముంటుంది? ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఎందుకిచ్చారు అనే సంగతులను మన పూర్వులు పదిమందీ చదివేలా ఆలయపు గోడలపై, స్తంభాలపై చెక్కించారు. దానాన్ని అపహరించినవానికి పాపం తగులుతుందని హెచ్చరిక కూడా జోడించారు. రహస్యం దాచదలచినవారు చేసే పని కాదిది.

ఇతర లోకాలలో జీవులు ఉండవచ్చుననే ఆలోచన మన ధర్మానికి భయం కలిగించేది కాదు. స్వామిని అనంతకోటి బ్రహ్మాండనాయకుడని నిత్యం కీర్తిస్తూనే ఉన్నాం. సూర్యునివంటి నక్షత్రం చుట్టూ తిరిగే అన్య గ్రహాన్ని శాస్త్రజ్ఞులు 1995లో తొలిసారి కనుగొన్నారు. 2025 నాటికి సౌరకుటుంబం వెలుపల నిర్ధారణ అయిన గ్రహాల సంఖ్య 6000 దాటింది. వాటిలో దేనిమీదా జీవం ఉన్నట్లు ఇంతవరకు నిరూపణ కాలేదు. రేపు నిరూపణ అయినా, ఆ జీవులూ ఆ స్వామి సృష్టిలోనివారే. అంతమాత్రాన మన గుడిని వారు కట్టినట్లు కాదు.

బాధాకరమైన విషయం మరొకటి. తెరపై వెలిగే ఆ ఊహ మన నుంచి దేవుణ్ణి తీసుకుపోలేదు. కానీ ఎండలో ఉలి పట్టిన శిల్పిని, మందలోని ఆవును స్వామికి సమర్పించిన దాతను, కురుని తల్లిని మరిపింపజేస్తుంది. వారి భక్తి వల్ల వెలసిన ఆలయాన్ని పరుల సొత్తుగా పిల్లలకు పరిచయం చేస్తుంది.

దాగి ఉన్న సత్యమంటూ ఒకటుంటే అది చాలాచోట్ల సున్నపు పొరల కిందనే ఉన్నది. జీర్ణోద్ధరణ పేరిట శాసనాలపై రంగులు పూయకుండా కాపాడుకోవడం భక్తులందరి బాధ్యత. ఈసారి ఆలయానికి వెళ్లినప్పుడు ప్రదక్షిణం పూర్తయ్యాక మనుమణ్ణి ఒక శాసనస్తంభం దగ్గరకు తీసుకువెళ్లండి. ఆ అక్షరాలను చూపించి, "నాయనా, ఈ గుడి కట్టినవారు మనవాళ్లే" అని చెప్పండి.