దర్భ : లక్షణము, వినియోగము, పెంపకము



పుణ్యాహవాచనము మొదలు పితృకార్యము వరకు దర్భ లేని వైదికకర్మ అరుదు. అయినను దర్భ మొక్కను నేలమీద చూచితిరా అని అడిగినచో మనలో పెక్కుమంది మౌనము వహింతురు. అంగడిలో కొన్న కట్టయే మనకు దర్భ. ఆ కట్టలో ఉన్నది కుశయా, మరియొక గడ్డియా అను విచారణ చేయువారు తక్కువ. అందుచేత ఇచ్చట మంత్రముకంటె మొక్కను గూర్చియే ఎక్కువగా చెప్పదలచితిమి.

కుశదర్భకు వృక్షశాస్త్రజ్ఞులు డెస్మోస్టాకియా బైపిన్నేటా అని పేరిడిరి. ఇది ఏటేట విత్తవలసిన గడ్డి కాదు. పొలుసులతో కూడిన కాండము నేలలోపల పాకుచుండును. వేసవిలో పైఆకు మాడినను తొలకరికి మరల చిగిర్చును. ఇసుకనేలలు, ఏటిగట్లు, బీళ్లు, ఇతర పైరులు నిలువని చవుడునేలలు సైతము దీనికి నివాసములు. పశ్చిమాసియా మీదుగా ఈజిప్టు వరకు ఇది వ్యాపించియున్నది. నైలునదీతీరవాసులు ప్రాచీనకాలముననే దీనితో త్రాళ్లు, చాపలు అల్లుకొనిరి.

ఆకు బిరుసైనది. అంచున రంపమువంటి సన్నని పండ్లుండును. కొననుండి మొదలుకు దూసినచో వ్రేలు తెగును. అమృతకలశము నుంచిన దర్భలను నాకి సర్పములు ద్విజిహ్వములైనవను భారతకథ మీరెరిగినదే. చేయి తెగకుండ కుశను కోసి తేగలవాడు కుశలుడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పిరి. నిత్యము ‘కుశలమా’ అని పలుకరించుకొను మనము ఆ గడ్డినే మరచుట వింతగానున్నది!

ఆయుర్వేదమున తృణపంచమూలములలో కుశ, దర్భ వేరువేరుగ లెక్కింపబడినవి. ఇవి మూత్రకృచ్ఛ్రమునకు ఔషధములు. ఆ రెండవదానిని పలువురు ఇంపరాటా సిలిండ్రికా అను గడ్డిగా గుర్తింతురు. దాని కంకి దూదివలె తెల్లనిది, మెత్తనిది. కుశ కంకి అట్లుండదు. గోధుమవన్నెతో, నిటారుగ, గరుకుగ నుండును. శరత్కాలమున ఏటియొడ్డున తెల్లగ పూచి మనిషికంటె ఎత్తెదుగు రెల్లు మూడవది. అదియే కాశము. కుశ లభింపనిచో కాశము గ్రాహ్యమని ధర్మశాస్త్రసంప్రదాయము. దూర్వ, ఉశీరము, ముంజ మొదలగువానితో కలిపి దర్భలు పదివిధములనియు చెప్పుదురు. కావున రెల్లు వాడుట దోషమని మేమనము. తెలిసి ప్రతినిధిగ గ్రహించుట వేరు, తెలియక ఏదో గడ్డిని కొని తెచ్చుట వేరు.

పవిత్రమునకు శుభకర్మలలో రెండు, పితృకర్మలలో మూడు దర్భలు గ్రహించుట పలుచోట్ల ఆచారము. శాఖాభేదమునుబట్టి మార్పులు కలవు, మీ పురోహితుని మాటయే ప్రమాణము. ధ్యానమునకు కుశాసనము గీత ఆరవ అధ్యాయమున విహితము. తిరుమల బ్రహ్మోత్సవములలో ధ్వజారోహణమునకు దర్భచాప, దర్భతాడు వినియోగింతురు. గ్రహణవేళ ఆహారపదార్థములపై దర్భనుంచుట మన ఇండ్లలో ఉన్నదే. దానికి ప్రయోగశాలల సాక్ష్యము వెదకు ఉత్సాహము కొందరికి కలదు. ఆచారమునకు ఆ ఊతకర్ర అవసరమని మాకు తోచదు.

ఇక ముఖ్యవిషయము. ఏటిగట్ల ఇసుక తరలిపోవుచున్నది, బీళ్లు ఇండ్లస్థలములగుచున్నవి. దర్భ కొరకు వెదకుచు పోవుటకంటె ఆలయభూములలో పెంచుకొనుటయే మేలు. విత్తనములపై ఆధారపడవలదు. ఆషాఢమున వానలు పడిన పిదప ముదురు దుబ్బును త్రవ్వి, కణుపులున్న వేరుకాండపు ముక్కలను మూరెడు ఎడముతో నాటవలెను. ఎండ తగులవలెను, నీరు నిలువరాదు. వేరూనువరకు తడిపిన చాలును. ఒక హెచ్చరిక: పంటచేని నడుమ నాటకుడు. ఒకసారి పాకినచో పెకలించుట మహాకష్టము. రైతులు దీనిని కలుపుగా ద్వేషించుట అకారణము కాదు. ప్రాకారము ప్రక్కన గట్టి గట్టు కట్టిన మడియో, సిమెంటు తొట్టియో తగినది. తోటలేని గృహస్థునకు ఒక పెద్ద తొట్టి చాలును.

శ్రావణ బహుళ అమావాస్యనాడు, అనగా పోలాల అమావాస్యనాడు, సంగ్రహించిన దర్భ ఏడాది పొడవున యోగ్యమని పెద్దల నిర్ణయము. ఈ యేడు నాటిన మడి మరుసటి శ్రావణమునకు కోతకు వచ్చును. చేతికి గుడ్డ చుట్టుకొని, కొనలు విరుగకుండ కొడవలితో కోసి, నీడలో ఆరబెట్టి, కొనలన్నియు ఒకే దిక్కునకుండునట్లు కట్టలు కట్టవలెను. పితృకర్మకు వేరుతో కావలసినవానిని దుబ్బు అంచున కొన్నిటిని మాత్రము పెరికి, నడిమిభాగమును కదలింపక విడిచినచో మడి మరల నిండును.