క్రొత్త టైర్లతో మొదటి నూరు మైళ్లు

మోటారుసైకిలుకు క్రొత్త టైర్లు వేయించినవాడు, పాతవానికంటె నివి నేలను గట్టిగా పట్టుననుకొనుట సహజము. మేమును అట్లే అనుకొంటిమి. గడచిన వర్షకాలమున దుకాణములో టైర్లు మార్పించుకొని వచ్చుచు, ఇంటికి ఫర్లాంగు దూరమున నున్న మలుపులో ఎప్పటివలెనే వాలితిమి. వెనుక చక్రము జర్రున జారెను. మోచేయి గీచుకొని పోవుటతో ఆపద గడచినది గాని, వెనుక లారీ వచ్చుచుండిన యెడల ఈ వ్యాసము వ్రాయువారుండరు.

కారణమిది. టైరును అచ్చులో నుంచి వేడిచేతను ఒత్తిడిచేతను ఉడికింతురు. రబ్బరును గంధకముతో చేర్చి వేడిచేసి గట్టిపరచు విధానమునకు అమెరికా దేశస్థుడైన చార్లెస్ గుడ్‌యియర్ 1844లో పేటెంటు పొందెను. అచ్చునుండి వెలువడిన టైరు మిక్కిలి నున్నగా నుండును. అచ్చునకు అంటుకొనకుండుటకై పూసిన జారుడు పదార్థమును కొంత మిగిలి యుండవచ్చును. ఆ పైపొర అరిగి గరుకెక్కిన పిమ్మటనే రబ్బరు నేలను చక్కగా పట్టును. తయారుచేయువారు పలువురు మొదటి 160 కిలోమీటర్లు, అనగా నూరు మైళ్లు, మెల్లగా నడుపుడని చెప్పుట యిందులకే.

అయితే మైళ్లు లెక్కించుట మాత్రము చాలదు. కారువలె గాక మోటారుసైకిలు మలుపులలో వాలును. దాని టైరు గుండ్రనిది. నేలకు తగులు భాగము ఇంచుమించు అరచేయి యంతయే. తిన్నని బాటపై ఎంత దూరము పోయినను నడిమి భాగమే అరుగును గాని, అంచులు క్రొత్తవిగానే యుండును. కావున పొడిబాటపై, ఇసుకయు నూనెయు లేనిచోట, మలుపు మలుపునకును కొంచెము కొంచెముగా వాలు పెంచుకొనుచు పోవలెను. క్రొత్త కోడెను కాడికి మరపువాడు మొదటి దినముననే బరువు బండికి కట్టడు గదా!

హఠాత్తుగా బ్రేకు వేయుట, ఒక్కపెట్టున వేగము పెంచుట కూడదు. వాన కురిసిన దినమున బండిని ఇంటనుంచుటయే మేలు. కొందరు తొందరపడి కిరసనాయిలుతో టైరును కడుగుదురు. అది రబ్బరును చెరచును.

గాలిని టైరు చల్లగా నున్నప్పుడే కొలిపింపవలెను. నడచి వేడెక్కిన టైరులో పీడనము పెరిగి కొలత ఎక్కువ చూపును. టైరెక్కించునపుడు అంచులకు పూసిన సబ్బునీరు ఆరకముందే గట్టిగా బ్రేకు వేసినచో, టైరు రిమ్ముపై జరుగవచ్చును. లోపల ట్యూబున్నచో అదియు దానితో లాగబడి వాల్వు మొదట చినుగును. మరునాడు ఒకమారు చూడుడు. వాల్వు ప్రక్కకు వంగి కనబడినయెడల బండి నెక్కక, దుకాణమువానిని ఇంటికే పిలిపింపుడు.