చెరువులో చేప దొరకు వేళ

మన నస్పూరు ప్రాంతపు బాలురలో ఎన్నడును గాలము పట్టనివాడు అరుదు. దాపున గోదావరి, ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము, ఊరూరను చెరువులు, కుంటలు. ఇన్ని నీళ్లుండగా సెలవునాడు కర్రయు దారమును పట్టుకొని బయలుదేరుట సహజమే. కాని పోయినవారిలో పెక్కుమంది వట్టి చేతులతో మరలివచ్చి, ఈ చెరువులో చేపలే లేవని చెరువుమీద నేరము మోపుదురు. చేపలుండును. పోయిన వేళయే సరికాదు.

ఈ పొరపాటు నేనును చేసినదే. కొన్ని యేండ్ల క్రిందట ఏప్రిల్ మాసమున ఒక సెలవునాడు భోజనమైన వెంటనే ఇద్దరు శిష్యులను తోడుకొని దగ్గరి చెరువునకు పోయితిని. రెండు గంటలసేపు కూర్చుంటిమి, బెండు కదలలేదు. వల భుజమున వేసికొని కట్టవెంట పోవుచున్న యొక వృద్ధుడు మమ్ము చూచి నిలిచెను.

"సారూ, గీ ఎండల చేప మేతకొస్తదా? అడుగుకు పోయి పండుకుంటది. పొద్దు గూకంగ రాండ్రి" అనెను.

"అడుగునకే యెందుకు పోవును తాతా?" అని యడిగితిని.

"సదువు చెప్పెటోళ్లు మీరు, నన్నడుగుతున్రా?" అని నవ్వుచు వెడలిపోయెను.

శిక్షణ కళాశాలలో ప్రకృతిశాస్త్రమును బోధించు పద్ధతులు నేర్చినవాడనయ్యు, శిష్యుల యెదుట ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ వృద్ధుని మాట ఏల నిజమో అటుపిమ్మట విచారించి తెలిసికొన్న సంగతులనే ఇచట వ్రాయుచున్నాను.

మనుష్యుని దేహము ఎండలోను చలిలోను ఇంచుమించు ఒకే వేడిమిని నిలుపుకొనును. చేపకు ఆ శక్తి లేదు. చుట్టునున్న నీటి వేడిమియే దాని దేహపు వేడిమి. నీరు చల్లబడినచో దాని కడుపులోని మేత మెల్లగా జీర్ణమగును, ఆకలి తగ్గును, కదలిక మందగించును. మన చెరువులలో పెంచు బొచ్చె, రవ్వ, మృగాల అను మూడు జాతులును సుమారు 25 మొదలు 30 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గల నీటిలో బాగుగా మేయును. నీరు 20 డిగ్రీలకు దిగువకు పోయినచో మేత చాలవరకు తగ్గించును. మన ఆదిలాబాదు సీమలో చలికాలపు రాత్రులలో గాలి 10 డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. మంచిర్యాల, రామగుండముల యెడ వేసవి పగళ్లు 45 డిగ్రీలను దాటుట కలదు. ఇట్టి సీమలో, తెల్లవారుజామున పోయిన చేప పడునను ఒకే సూత్రము పండ్రెండు నెలలకును ఎట్లు చెల్లగలదు?

చలికాలమున తెల్లవారుజామున గట్టున కూర్చుండి వణకుట వలన ప్రయోజనము లేదు. అప్పటికి రాత్రియెల్ల చల్లబడిన నీటిలో చేప కదలక యుండును. పగలు పదకొండు గంటలు మొదలు మూడు గంటల వరకు, లోతు తక్కువై ఎండ చక్కగా తగులు ఒడ్డున గాలము వేయవలెను. ఆ నీరు ముందుగా వెచ్చబడును. చేప అచ్చటికి చేరును. వేసవిలో అంతయు తలక్రిందగును. మధ్యాహ్నమున ఒడ్డునీరు కాగిపోవుటచే చేప లోతునకు దిగును. అప్పుడు సూర్యోదయమునకు ముందు వెనుకల గంటసేపును, ప్రొద్దు వాలిన పిమ్మటి సమయమును మేలు. ఏ చెరువున మేము ఏప్రిల్ మధ్యాహ్నము ఓడిపోయితిమో, అదే చెరువున అదే గంటకు డిసెంబరులో పోయియుండిన యెడల ఆ తాత నవ్వియుండడు.

అయితే వేడిమి సగము కథయే. తక్కిన సగము ఊపిరి. చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించి బ్రతుకును. చల్లని నీరు ఈ వాయువును ఎక్కువగాను, వేడినీరు తక్కువగాను ఇముడ్చుకొనును. 20 డిగ్రీల వేడిమిగల లీటరు మంచినీటిలో ఇంచుమించు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును. 30 డిగ్రీలకు ఏడున్నరయే. నీరు వెచ్చనైనకొలది చేపకు వాయువు ఎక్కువ కావలసివచ్చును, నీటిలో నున్నదో తగ్గిపోవుచుండును. అందుచేతనే నడివేసవిలో చేపకు ఆకలి కంటె ఊపిరి ముఖ్యమగును.

ఇందొక చిక్కు కలదు. విద్యార్థులు దీనిని జాగ్రత్తగా చదువవలెను. నీటిలోని నాచు మొక్కలు పగలు సూర్యకాంతిలో ప్రాణవాయువును విడుచును. రాత్రి అవియు చేపలవలెనే దానిని వాడుకొనును. కనుక నాచు దట్టముగా పెరిగిన చిన్న కుంటలో ప్రాణవాయువు సాయంకాలమున మిక్కుటముగాను, సూర్యోదయమునకు కొంచెము ముందు అత్యల్పముగాను ఉండును. వేసవి తెల్లవారుజామున అట్టి కుంటలో చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుట మీరు చూచియుందురు. చూచినవారు చేపలు మేతకు లేచినవని మురిసి గాలము వేయుదురు. అవి మేతకు కాదు, ఊపిరికి లేచినవి. ఎర ముక్కున తగిలినను ముట్టవు. కాబట్టి వేసవిలో పెద్ద జలాశయమునకు ఉదయము మంచిదైనను, నాచు పట్టిన చిన్న కుంటకు సాయంకాలమే మంచిది. రెండుమూడు దినములు మబ్బు కమ్మి గాలి యాడకున్నచో ఈ కొరత మరింత హెచ్చును. ఒక్కొకప్పుడు చేపలు గుంపులుగా చచ్చి తేలుటయు దీనివలననే. ఎవరో విషము కలిపిరని ఊరివారు అనుమానించుటకు ముందు ఈ సంగతి తలచుకొనుట మంచిది.

ఈ నియమమునకు లోబడనిది మన కొర్రమీను. తెలంగాణ రాష్ట్రమునకు రాష్ట్ర మత్స్యమని పేరొందిన ఈ చేప తలలో మొప్పలుగాక గాలిని పీల్చు ప్రత్యేకమైన అర కలదు. నీటిలో వాయువు చాలకున్నను అది పైకి వచ్చి ఒక గ్రుక్క గాలి మింగి మరల దిగును. అది లేచి దిగిన చోటనే సుడి కనబడుటచే నేర్పరి దాని యునికిని తెలిసికొనును.

గాలి విషయము రెండు మాటలలో చెప్పవచ్చును. గాలి యే దిక్కునకు వీచునో ఆ దిక్కు ఒడ్డునకు పైనీరును, అందు తేలు పురుగులును, సన్నని మేతయు కొట్టుకొనిపోవును. వాటి వెంట చేపయు పోవును. ముఖమున గాలి తగులునట్లు కూర్చుండుట కష్టమైనను లాభము. నీటిపై చిన్న అలలున్నచో మన నీడ చేపకు కనబడదు. అమావాస్య, పౌర్ణములను గూర్చి పలువురు పలు మాటలు చెప్పుదురు. గాలము వేయువానికి వానివలన గొప్ప భేదము కలుగునని నేను నమ్మను. వలవేయువానికి మాత్రము చీకటిరాత్రి మేలు. చేప వలను చూడజాలదు. గలిలయ సముద్రమని మనము చదువునది నిజమునకు మంచినీటి సరస్సే, సముద్రమట్టమునకు 200 మీటర్లకు మించి దిగువన నున్నది. అచ్చటి జాలరులు రాత్రి పొడవునను వలలు వేసి ఉదయమున వాటిని కడుగుకొనుచుండిరని లూకా సువార్త వలన తెలియుచున్నది. నారదారముల వల పగటివేళ తేట నీటిలో చేపకు స్పష్టముగా కనబడును గదా. వారు రాత్రిని ఎన్నుకొనుట వృత్తి ధర్మమే. నేటి సన్నని నైలాను వలలకు ఆ యిబ్బంది తక్కువ.

ఇక వర్షము. తొలకరికి చెరువులోనికి వచ్చు నీటిని మనవారు కొత్తనీరు అందురు. నీరు బురదగా నున్న మొదటి దినములలో కంటిచూపుతో మేత వెదకు చేపకు ఎర కనబడదు. జెల్ల, వాలుగ మొదలైన మీసముల చేపలు వాసనచేతను స్పర్శచేతను వెదకుకొనును గనుక వాటికి అడ్డులేదు. ఎర్రలను గ్రుచ్చి అడుగునకు విడిచినచో అవియే పడును. నీరు కొంత తేరిన పిమ్మట వాగు చెరువులో కలియు నోటివద్ద అన్ని జాతులును చేరును. కొట్టుకొనివచ్చు పురుగులు, ప్రాణవాయువు నిండిన చల్లని నీరు, రెండును అచ్చటనే దొరకును గదా.

చేప మిక్కిలి సులభముగా దొరకు వేళయు ఇదియే. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేప తినుట మన తెలంగాణమున ఆచారము. జూన్ మొదటి వారము దాటగనే అంగళ్లలో చేపకు తావుండదు. సరిగా ఆ నెలలలోనే చేప గ్రుడ్లతో నిండియుండును. చెరువు నిండి మత్తడి దుంకునప్పుడు పరిగెలు, జెల్లలు ప్రవాహమునకు ఎదురెక్కును. పిల్లలు పెద్దలు బుట్టలతోను దోమతెరలతోను నిలిచి వాటిని తోడుకొందురు. ఒక్క తల్లిచేప కడుపులో వేలకొలది, పెద్దదైనచో లక్షలకొలది గ్రుడ్లుండునని తెలిసినవాడు ఆ బుట్టలోనికి చూచి సంతోషింపజాలడు. కొర్రమీను సంగతి మరియు జాలిగొలుపునది. దాని పిల్లలు ఎర్రని గుంపుగా నీటిపై తిరుగుచుండ, తల్లిదండ్రులు క్రింద కావలి యుండును. ఆ గుంపు నడుమ కప్పపిల్లను ఎరగా విడిచినచో కావలి చేప కోపముతో వచ్చి తప్పక గాలమునకు తగులుకొనును. కావలి పోయిన తరువాత ఆ ఎర్రని గుంపు సాయంకాలమునకు ఇతర చేపల పాలగును. ఎర్రని గుంపు కనబడిన చోట గాలము తీసికొని వేరు చోటికి పొండు. మా పాఠశాల బాలురకు నేను విధించిన నియమము ఇదియొక్కటే.

బొచ్చె, రవ్వ, మృగాలల సంగతి వేరు. అవి పారు నదులలో వరదవేళ గ్రుడ్లు పెట్టునేగాని నిలువనీటి చెరువులో పెట్టవు. అందుచే పూర్వము గ్రుడ్లను, పిల్లలను నదులనుండియే పట్టి తేవలసివచ్చెడిది. 1957 జూలై 10వ తేదీన ఒడిస్సాలో హీరాలాల్ చౌధురి యను శాస్త్రజ్ఞుడు చేపల పీయూషగ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి, నిలువనీటిలోనే ఈ జాతులచే గ్రుడ్లు పెట్టించెను. నేడు మన చెరువులలో విడుచు పిల్లలన్నియు ఆ పద్ధతి ఫలమే. తెలంగాణ ప్రభుత్వము 2016వ సంవత్సరమున చెరువులలో ఉచితముగా చేపపిల్లలను విడుచు పథకమును ఆరంభించెను. విడిచిన పిల్లలు పెరిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు మత్స్యకారుల సహకార సంఘమువారు వలలు లాగుదురు. అది వారి సంవత్సరపు జీవనాధారము. గాలమొకటే గదా యని అడుగక పోయి కూర్చుండుట మన పెరటిలో పరులు కాయలు కోయుట వంటిది. సంఘమువారిని ముందుగా అడుగుడు; నేనడిగినంతవరకు పిల్లలకు వద్దన్నవారు లేరు.

తలిదండ్రులకు ఒక మాట. ఎల్లంపల్లి జలాశయము నిండినప్పుడు ఇరువది టీయంసీల నీరు పట్టును. నస్పూరు దానికి దిగువన నున్నది. పైన కడెము వాగు ప్రాంతమునను, ఇంకను ఎగువ గోదావరి యందును వాన కురిసినచో ఇచ్చట ఆకాశము నిర్మలముగా నున్నను గేట్లు ఎత్తుదురు. అంతవరకు మోకాలిలోతున పారిన యేటిపాయ కొద్దిసేపటిలోనే దాటరానిదగును. 2022 జూలైలో గోదావరి మంచిర్యాల వీధులలోనికి వచ్చుట మనలో చాలమంది కన్నులార చూచినదే. జూలై మొదలు సెప్టెంబరు వరకు నదిలోని ఇసుక తిన్నెలమీదికి గాలములతో పిల్లలను పోనీయకుడు. బొగ్గు త్రవ్వి విడిచిన గుంతలలో నిలిచిన నీటికిని ఏ కాలమునందును పోనీయకుడు. చెరువునకు ఒడ్డు మెల్లగా దిగును, గుంతకు ఒడ్డే లేదు, ఒక్క అడుగు జారిన నిలువులోతు. మత్తడి దుంకుచున్నప్పుడు పాచి పట్టిన రాళ్లపై నిలుచుటయు అట్టిదే.

ఈ సంగతులను నామాట మీద నమ్మక స్వయముగా పరీక్షింపగోరు విద్యార్థులకు సులభమైన ఉపాయము కలదు. ఒక సీసాకు బిరడా బిగించి, అడుగున రాయి కట్టి, మెడకు ఒక త్రాడును బిరడాకు వేరొక త్రాడును కట్టవలెను. పెద్దవారిని వెంట నుంచుకొని తూము గట్టుమీద కూర్చుండి సీసాను కావలసిన లోతునకు దింపి బిరడా త్రాటిని లాగినచో ఆ లోతు నీరే సీసాలోనికి వచ్చును. వెంటనే పైకి తీసి ప్రయోగశాలలోని ఉష్ణమాపకమును అందుంచి చూడవలెను. పైనీటిని, నిలువులోతు నీటిని, తెల్లవారగనే ఒకసారియు, పగలు రెండు గంటలకు ఒకసారియు ఇట్లు కొలిచి, గాలి దిక్కును, ఆ దినమున పడిన చేపలను ప్రక్కన వ్రాసికొనవలెను. ఉష్ణమాపకము కావలసినవారు శనివారము పాఠశాల విడుచులోగా నాయొద్ద సంతకము చేసి తీసికొనిపోవచ్చును. సోమవారము ఉదయమునకు మరల అప్పగింపవలెను.