తుడిస్తే పోని మరక

బిడ్డా, ఆ కళ్లద్దాలను ఇక రుద్దకు. పొద్దటి నుంచి చున్నీతో తుడుస్తూనే ఉన్నావు, మరక పోవడం లేదు. పోదు కూడా. అక్కడ మురికి అంటుకోలేదు, ఉన్న పూతే ఊడిపోయింది. రుద్దినకొద్దీ ఇంకొంచెం ఊడుతుంది.

గాజైనా ప్లాస్టిక్కైనా, ఉత్త అద్దం మీద పడ్డ వెలుగులో నూటికి నాలుగు పాళ్లు ముందు ముఖం నుంచి, ఇంచుమించు అంతే వెనుక ముఖం నుంచి తిరిగిపోతాయి. ఎనిమిది పాళ్లంటే తక్కువేం కాదు. రాత్రిపూట రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ నుంచి సిద్దిపేటకు బండి నడుపుకుంటూ వచ్చేవాళ్లను అడుగు. ఎదురు లారీ లైటు ఒకటైతే, అద్దంలో దాని దయ్యం ఇంకొకటి.

దాన్ని ఆపడానికే యాంటీ గ్లేర్ పూత. ఉపాయం చూడు. పూత పైముఖం నుంచి కొంత వెలుగు తిరుగుతుంది, అడుగుముఖం నుంచి ఇంకొంత. పూతలో వెలుగు అలపొడవు ఎంతో, అందులో నాలుగో వంతు మందం ఉంచితే, లోపలిదాకా పోయివచ్చిన అల సగం అలపొడవు వెనకబడుతుంది. ఒకదాని ఎత్తు మీద ఇంకోదాని పల్లం పడి రెండూ చెల్లు. తిరిగిపోవాల్సిన వెలుగు కంట్లోకే వస్తుంది. ఆ మందం ఎంతనుకున్నావు? మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు! రంగులన్నిటికీ ఒకే మందం సరిపోదు కనుక సిలికా, టైటానియం ఆక్సైడ్ లాంటివి శూన్యంలో ఆవిరి చేసి పొర మీద పొర వేస్తారు. అప్పటికీ కాస్త వెలుగు మిగులుతుంది. నీ అద్దాల మీద కనిపించే ఆకుపచ్చ ఛాయ అదే.

తమాషా ఏమిటంటే, ఈ విద్య పాతబడ్డ గాజు నుంచే పుట్టింది. ఏళ్లతరబడి మసకేసిన గాజు కొత్తదానికంటే తక్కువ వెలుగును వెనక్కి కొడుతోందని 1886లో ఇంగ్లండులో లార్డ్ రేలీ గమనించాడు. ఆ మసకను రసాయనాలతో కావాలని తెప్పించే పద్ధతికి డెన్నిస్ టేలర్ 1904లో పేటెంటు తీసుకున్నాడు. 1935లో జర్మనీ జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా శూన్యంలో పూత వేసే దారి చూపాడు. నాకు ఇష్టమైంది మాత్రం కేథరిన్ బ్లాడ్జెట్ కథ. 1938లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ఆవిడ బేరియం స్టియరేట్ అనే ఒక జాతి సబ్బును, ఒక్కో పొర ఒక్క అణువు మందాన, 44 పొరలు గాజుకు ఎక్కించారు. గాజు కంటికి ఆనకుండా పోయింది. కానీ ఆ పూత మెత్తన, తుడిస్తే వచ్చేసేది. నీ బాధ అప్పటినుంచీ ఉన్నదే.

మా కాలపు అద్దాలు గాజువి. ధోతి అంచుతో ఎంత రుద్దినా వాటికేం కాలేదు. అద్దాలు ప్లాస్టిక్కువైనా ఆ అలవాటు ఇంట్లో అలాగే మిగిలింది. మన దుమ్ములో రాతిగుట్టల ఇసుక ఉంటుంది, పొడిగుడ్డ కింద అది గీకుతుంది. దానికంటే పెద్ద శత్రువు ఎండ. వేడికి ప్లాస్టిక్ ఆ పూత కంటే ఎన్నో రెట్లు సాగుతుంది. మే నెలలో అద్దాలను కారు డ్యాష్‌బోర్డు మీదో స్కూటర్ డిక్కీలోనో పెట్టావనుకో, అడుగు సాగి, పైపొర సాగలేక, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు బారుతుంది. ప్రతి నెర్రె అంచూ వెలుగును చెదరగొడుతుంది. అందుకే సగం ఊడిన పూత కంటే అసలు పూతే లేని అద్దం నయం.

ఊడినచోట అతుకు వేయడం కుదరదు. టూత్‌పేస్టుతో రుద్దమని చెప్పేవాళ్ల మాట వినకు, అది గరుకు పొడి, కొత్త గీతలు పెడుతుంది. మిగిలిన పూతను మందులతో తీసేసేవాళ్లూ ఉన్నారు. దాంతోపాటు గీతలు పడకుండా కాచే గట్టి పూత కూడా పోవచ్చు, నా లెక్కలో అది దండగ. ముందు బిల్లు వెతుకు, పూతకు గ్యారంటీ ఉందేమో చూడు. లేదంటే పవర్ మళ్లీ చూపించుకుని, ఫ్రేము అదే ఉంచి అద్దాలు మాత్రం మార్పించు.

2018 ఆగస్టు 15న పక్కనే మెదక్ జిల్లా మల్కాపూర్‌లో సర్కారు కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ మొదలయ్యాక మన పల్లెల్లో అద్దాలు పెట్టుకోవడం అలవాటైంది గాని, వాటిని కడగడం ఇంకా కాలేదనిపిస్తుంది నాకు. నల్లా కింద చల్లటి నీళ్లతో దుమ్ము పోనిచ్చి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి వేళ్లతో రాయి, కడిగి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దు. గొల్లభామ చీర కొంగు ఎంత మెత్తనైనా పొడి అద్దం మీద వద్దు.

షాపులో కొత్త అద్దాలు చేతికిచ్చినప్పుడు ట్యూబులైటు కింద వంచి చూడు. లైటు నీడ మసకగా, ఆకుపచ్చగానో నీలంగానో ఉండాలి. తళతళా తెల్లగా కనిపిస్తే పూత లేనట్టే, పైసలు అప్పుడే ఇవ్వకు.